ఇంట గెలిచి రచ్చ గెలుద్దాం
వంటగ్యాసు వాడకంలో భద్రత – పొయ్యి సంరక్షణ

ఇంట గెలిచి రచ్చ గెలవాలని పెద్దల మాట. భద్రత విషయంలో మన ఉద్యోగులలో చాలామంది ఈ సామెతను తలక్రిందులు చేశారంటే ఎవరూ నొచ్చుకోరాదు. కర్మాగారంలో గ్యాసు లైను మీద ఒక్క బోల్టు విప్పవలసి వచ్చినా ముందుగా వర్క్ పర్మిట్ తీసుకుంటాం. వాల్వు మూసి, తాళం వేసి, ట్యాగు కడతాం. గ్యాసు పరీక్ష పూర్తి కానిదే నిప్పురవ్వ పుట్టే పని దేనికీ పూనుకోం. ఏటా మార్చి 4వ తేదీన జాతీయ భద్రతా దినోత్సవం నాడు కుడిచేయి చాచి ప్రతిజ్ఞ చేస్తాం. సాయంకాలం ఇంటికి చేరగానే హెల్మెట్‌తో పాటు ఆ జాగ్రత్తను కూడా కొక్కేనికి తగిలిస్తాం.

మన వంటగట్టు క్రింద ఉన్న గ్యాసు బండ కూడా ఒక పీడన పాత్రే. అందులో 14.2 కిలోల ద్రవ ఇంధనం ఒత్తిడిలో ఉంటుంది. దాని నుండి పొయ్యికి వెళ్ళే రబ్బరు గొట్టం ఒక గ్యాసు లైను. కర్మాగారంలో ఇటువంటి అమరికకు ఒక ఇంజనీరు, ఒక ఆపరేటరు, ఒక తనిఖీ పట్టిక ఉంటాయి. ఇంట్లో ఉన్నది మనమే. ఈ వ్యాసం ఉద్దేశం వంటింటిని చూసి భయపడమని కాదు. కర్మాగారంలో మనకు అలవడిన క్రమశిక్షణలో కొంత భాగాన్ని ఇంటికి తెచ్చుకోమని, దానిని ఇంటిల్లిపాదికీ పంచమని మాత్రమే.

ఒక తెల్లవారుజాము

ఈ మాటలు వ్రాసే అర్హత నాకు అనుభవం వల్ల వచ్చింది. కొన్నేళ్ళ క్రితం ఒక మార్గశిర మాసపు తెల్లవారుజామున రాత్రి షిఫ్టు ముగించుకొని క్వార్టరుకు చేరాను. చలికాలం కనుక కిటికీలన్నీ మూసి ఉన్నాయి. నా భార్య, ఇద్దరు పిల్లలు లోపలి గదిలో నిద్రిస్తున్నారు. నా వద్ద ఉన్న తాళంచెవితో తలుపు తెరిచి, అలవాటు ప్రకారం ఎడమచేతిని గోడమీది స్విచ్చు వైపు చాచాను. అంతలో గ్యాసు వాసన ముక్కుకు తగిలింది. చేయి ఆగింది. అది నా తెలివితేటల వల్ల ఆగలేదు. ఇరవై ఏళ్ళుగా గ్యాసు ప్రాంతంలో పనిచేసిన చేయి కనుక ఆగింది.

చీకటిలోనే వంటింట్లోకి వెళ్ళి రెగ్యులేటరు మూసి, తలుపులు, కిటికీలు తెరిచి, పిల్లలను లేపి బయటకు తీసుకువచ్చాను. నా భార్యకు ఆ వారమంతా జలుబు. ఆమెకు ఏ వాసనా తెలియలేదు. మరొక అరగంట నేను ఆలస్యమై ఉంటే, రోజూవలె ఆమె లేచి వంటింట్లో లైటు వేసి, పాలు కాచడానికి పొయ్యి వెలిగించి ఉండేది.

వెలుతురు వచ్చాక చూస్తే తప్పు ఎక్కడ ఉన్నదో తెలిసింది. రబ్బరు గొట్టం పొయ్యి ముక్కుకు తొడిగిన చోట, పైకి కనిపించని వైపున, సన్నని పగులు. గొట్టం మీద అచ్చువేసిన సంవత్సరం చదివాను. మార్చవలసిన గడువు దాటి మూడేళ్ళయింది. రాత్రి రెగ్యులేటరు మూసే అలవాటు మా ఇంట్లో లేదు. కర్మాగారంలో నా విభాగంలోని ప్రతి గొట్టం గడువు తేదీ నాకు కంఠస్థం. నా పిల్లలు నిద్రించే ఇంట్లోని ఒకే ఒక్క గొట్టం తేదీని నేను ఏనాడూ చూడలేదు.

ముందు గ్యాసు స్వభావం తెలుసుకుందాం

నియమాలను బట్టీ పట్టడం కన్నా, గ్యాసు ఎలా ప్రవర్తిస్తుందో తెలుసుకుంటే నియమాలు వాటంతట అవే గుర్తుంటాయి.

వంటగ్యాసు ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్ అనే వాయువుల మిశ్రమం. ఒత్తిడికి గురిచేస్తే ద్రవంగా మారుతుంది. ద్రవ రూపంలో ఒక లీటరు ఉన్నది బయటకు వస్తే సుమారు 250 లీటర్ల వాయువు అవుతుంది. సిలిండరును ఎల్లప్పుడూ నిలువుగానే ఉంచాలనడానికి కారణం ఇదే. పడుకోబెడితే వాయువుకు బదులు ద్రవమే గొట్టంలోకి ప్రవేశిస్తుంది. గ్యాసు అయిపోవచ్చిందని బండను అడ్డంగా పడవేసి వంట ముగించడం, వేడినీళ్ళలో నిలబెట్టడం వంటి పనులు ఎంత పొరపాటో దీనిని బట్టి గ్రహించవచ్చు.

గ్యాసుకు సహజంగా వాసన లేదు. లీకు తెలియడం కోసం ఇథైల్ మెర్‌కాప్టన్ అనే ఘాటైన వాసన గల పదార్థాన్ని కలుపుతారు. అయితే జలుబు చేసిన ముక్కు ఈ హెచ్చరికను అందుకోలేదు. ఆ వాసనలోనే కొంతసేపు ఉన్నవారి ముక్కు దానికి అలవాటుపడిపోతుంది. కనుక బయటి నుండి వచ్చినవారు "గ్యాసు వాసన వస్తున్నది" అంటే, "మాకేమీ తెలియడం లేదే" అని కొట్టిపారేయరాదు.

అన్నింటికన్నా ముఖ్యమైనది, ఈ గ్యాసు గాలికన్నా ఒకటిన్నర నుండి రెండు రెట్లు బరువైనది. లీకైనప్పుడు పైకి పోదు. నీళ్ళవలె నేలమీద పరచుకుంటుంది, గట్టు క్రింది అరలలో, తూములలో నిలుస్తుంది. గాలిలో సుమారు 2 నుండి 9 శాతం వరకు గ్యాసు కలిసినప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుడు సంభవిస్తుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఎనిమిది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు గల వంటగది మొత్తంలో 2 శాతం గ్యాసు కలవడానికి సుమారు 800 గ్రాములు కావాలి. కాని గ్యాసు గదంతా సమంగా కలవదు, నేలను అంటిపెట్టుకొని ఉంటుంది. క్రింది రెండడుగుల మేరకు లెక్కిస్తే 160 గ్రాములు చాలు. మంట లేకుండా పూర్తిగా తెరిచి ఉన్న ఒక బర్నరు నుండి గంటలో దాదాపు అంత గ్యాసు బయటకు వస్తుంది. పాలు పొంగి మంట ఆరిపోయిన పొయ్యిని గమనించకుండా పక్కింటికి మాటలకు వెళ్ళడం చిన్న విషయం కాదనడానికి ఈ లెక్క చాలు.

సిలిండరు వచ్చిన రోజున

నిండు సిలిండరు ఇంటికి వచ్చినప్పుడు తలుపు దగ్గర పుస్తకం మీద సంతకం చేయించి, డబ్బు ఇచ్చి పంపివేయడం సాధారణం. మరి రెండు నిమిషాలు వెచ్చిస్తే నాలుగు విషయాలు చూసుకోవచ్చు.

మొదటిది, మూతిపైన సీలు చెదరకుండా ఉండాలి. రెండవది, తూకం. సిలిండరు మీద ఖాళీ బరువు ముద్రించి ఉంటుంది. ఉదాహరణకు అది 15.8 కిలోలైతే, 14.2 కిలోల గ్యాసుతో కలిపి మొత్తం 30 కిలోలు తూగాలి. మూడవది, పరీక్ష గడువు. సిలిండరు పైభాగాన ఉండే నిలువు పట్టీలలో ఒకదాని లోపలివైపు ఒక ఆంగ్ల అక్షరం, సంవత్సరం కనిపిస్తాయి. 'ఎ' అంటే మార్చి, 'బి' అంటే జూన్, 'సి' అంటే సెప్టెంబరు, 'డి' అంటే డిసెంబరు నెలాఖరు. 'బి 28' అని ఉంటే ఆ సిలిండరును 2028 జూన్ నాటికి తిరిగి పరీక్షించాలని అర్థం. గడువు దాటిన సిలిండరును తీసుకోనవసరం లేదు. నాలుగవది, సీలు తీసిన తరువాత వాల్వు లోపల నల్లని చిన్న రబ్బరు వాషరు ఉన్నదా, అక్కడ గ్యాసు కారుతున్నదా అన్నది. ఈ పరీక్షలను తెచ్చిన వ్యక్తి చేతనే చేయించుకోవడం వినియోగదారుని హక్కు. ఆయనతో తగవు పడనవసరం లేదు, మర్యాదగా అడిగితే చాలు.

సీలుతో పాటు ఉండే ప్లాస్టిక్ రక్షక మూతను పారవేయరాదు. దానిని దారంతో సిలిండరుకే కట్టి ఉంచాలి. రెగ్యులేటరు తీసిన ప్రతిసారీ, బండ ఖాళీదైనా సరే, ఆ మూత బిగించాలి. ఖాళీ అనుకున్న సిలిండరులోనూ కొంత గ్యాసు మిగిలే ఉంటుంది.

సిలిండరు మార్చే ముందు వంటింట్లో వెలుగుతున్న ప్రతి మంటనూ ఆర్పాలి. మన ఇళ్ళలో చాలాచోట్ల దేవుడి గూడు వంటింట్లోనే ఉంటుంది. పొయ్యి కట్టి ఉన్నదనుకుంటాం గాని, గూటిలో దీపం, అగరువత్తి వెలుగుతూనే ఉంటాయి. దీపం కొండెక్కిన తరువాతనే బండ మార్చే పని పెట్టుకోవడం మంచిది.

గొట్టం, రెగ్యులేటరు

గ్యాసు అమరికలో అతి బలహీనమైన భాగం రబ్బరు గొట్టం. వేడికి, నూనె జిడ్డుకు రబ్బరు గట్టిపడి పగుళ్ళు తేలుతుంది. ఎలుకలు కూడా కొరుకుతాయి. పూర్వం వాడిన సాదా ఆకుపచ్చ ట్యూబుకు బదులుగా, లోపల ఉక్కు తీగ అల్లిక గల, ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్న సురక్షా గొట్టాన్ని మాత్రమే వాడాలి. దానిని ఐదేళ్ళకొకసారి, పగులు కనిపిస్తే అంతకుముందే మార్చాలి. ఖరీదు విషయంలో వెనుకాడవలసినంత వస్తువు కాదది.

గొట్టం పొడవు మీటరున్నరకు మించరాదు. దానిని పొయ్యి వెనుకగా, వేడి తగిలేటట్లు పోనీయరాదు. మధ్యలో మరో ముక్క అతికించరాదు. ఎలుకలు కొరుకుతాయని గుడ్డ చుట్టడం, అందానికి ప్లాస్టిక్ తొడుగు వేయడం కొన్ని ఇళ్ళలో చూస్తాం. పగులును కంటికి కనబడకుండా దాచడం తప్ప వీటివల్ల ప్రయోజనం లేదు. చివరలను రెండువైపులా ముక్కు చివరివరకు బాగా తొడగాలి. తొడగడం తేలిక కావాలని నూనె రాయడం, చివరను మంటపై వేడి చేయడం తగదు.

లీకు ఉన్నదేమోనన్న అనుమానం వస్తే సబ్బు నురుగు రాసి చూడాలి. బుడగలు వచ్చిన చోట లీకు ఉన్నట్లు. అగ్గిపుల్ల వెలిగించి చూసేవారు ఈనాటికీ ఉన్నారు. చెరువులో నీళ్ళున్నాయో లేదో దూకి చూసినట్లుంటుంది ఆ పరీక్ష.

రెగ్యులేటరు సిలిండరులోని అధిక ఒత్తిడిని పొయ్యికి తగినంతగా తగ్గించి పంపే పరికరం. దానిని సుత్తితో తట్టడం, విప్పి బాగుచేయడం ప్రమాదకరం. పాడైతే పంపిణీదారు ద్వారా మార్పించుకోవాలి. రాత్రి పడుకునే ముందు, ఇల్లు విడిచి వెళ్ళేటప్పుడు రెగ్యులేటరును తప్పక మూయాలి. ఆనాటి మా ఇంట్లో గొట్టం పగిలి ఉన్నా, ఈ ఒక్క పని చేసి ఉంటే ఆ తెల్లవారుజామున ఏమీ జరిగి ఉండేది కాదు.

పొయ్యి ఎక్కడ ఉండాలి?

పొయ్యి ఎప్పుడూ సిలిండరు కన్నా ఎత్తులో, రాతి లేదా సిమెంటు గట్టు మీద ఉండాలి. కిటికీకి సరిగ్గా ఎదురుగా పెడితే గాలికి మంట ఆరిపోతుంది, కిటికీ తెర మంట మీదికి ఎగిరివస్తుంది. పొయ్యికి పైన అలమర ఉంటే, మంట మీదుగా చేయి చాచి డబ్బాలు తీయవలసి వస్తుంది. చీరకొంగు, చున్నీ అంటుకునేది చాలావరకు ఇలాంటి సందర్భాలలోనే. ఉప్పు, పోపుడబ్బా, పంచదార వంటి రోజువారీ వస్తువులను పొయ్యికి పక్కగా అందేటట్లు అమర్చుకుంటే ఆ అవసరమే రాదు.

సిలిండరును మూసివేసిన అరలో ఉంచేవారు, ఆ అర తలుపుకు నేలమట్టాన గాలి పోయే రంధ్రాలు ఉండేటట్లు చూడాలి. బరువైన గ్యాసు క్రిందినుండే బయటకు పోవాలి కదా. అదే అరలో కిరసనాయిలు సీసా, పాత కాగితాలు, గోనెసంచులు పెట్టరాదు. వంటింట్లో ఫ్రిజ్ ఉన్నవారు మరొక విషయం గుర్తుంచుకోవాలి. ఫ్రిజ్ తనంతట తాను పనిచేయడం, ఆగడం చేస్తూ ఉంటుంది. ఆ క్షణాన లోపలి స్విచ్చులో పుట్టే చిన్న రవ్వ చాలు. వీలైతే దానిని మరో గదిలో ఉంచడం ఉత్తమం.

వెలిగించడం, ఆర్పడం, కనిపెట్టి ఉండడం

అగ్గిపుల్ల వాడేవారు ముందు పుల్ల గీసి, తరువాత నాబు త్రిప్పాలి. లైటరు వాడేవారు రెండు మూడు సార్లకు వెలగకపోతే నాబు కట్టివేసి, పోగైన గ్యాసు చెదిరేవరకు ఆగి మళ్ళీ ప్రయత్నించాలి. తెరిచిన నాబును అలాగే వదిలి అగ్గిపెట్టె కోసం వెతకరాదు.

వంట చేసేటప్పుడు నూలు బట్టలు ధరించడం మేలు. నైలాన్, పాలియెస్టర్ బట్టలు మంటకు కరిగి చర్మానికి అంటుకుపోతాయి. వేడి గిన్నెలు దించడానికి పట్టకారు గాని, మసిగుడ్డ గాని వాడాలి తప్ప చీరకొంగు వాడరాదు. గిన్నె పిడులు గట్టు అంచుకు బయటకు ఉండకుండా లోపలివైపు త్రిప్పి ఉంచితే పసిపిల్లల చేతికి అందవు.

మూకుడులో నూనె అంటుకుంటే దానిపై నీళ్ళు పోయరాదు. నీళ్ళు పోస్తే మండే నూనె చుట్టూ చిమ్ముతుంది. నాబు కట్టివేసి, మూకుడుపై పళ్ళెం గాని, మూత గాని బోర్లించి, చల్లారేవరకు కదపకుండా వదిలివేయాలి.

రాత్రి చివరి వంట ముగిసిన తరువాత ముందుగా రెగ్యులేటరు మూసి, గొట్టంలో మిగిలిన గ్యాసు మండి మంట తనంతట ఆరిన తరువాత పొయ్యి నాబు కట్టడం మంచి పద్ధతి. అయితే మంట ఆరింది కదా అని నాబు కట్టడం మరిచిపోరాదు. మరునాడు రెగ్యులేటరు తిప్పగానే తెరిచి ఉన్న నాబు గుండా గ్యాసు వస్తుంది.

పొయ్యి సంరక్షణ

పొయ్యి ఆరోగ్యాన్ని మంట రంగు చెబుతుంది. స్థిరమైన నీలిమంట గ్యాసుకు కావలసినంత గాలి అందుతున్నదనడానికి గుర్తు. మంట పసుపు, నారింజ రంగులలో ఊగుతూ, గిన్నెల అడుగున మసి పట్టిస్తుంటే గ్యాసు సరిగా మండడం లేదని తెలుసుకోవాలి. దీనివల్ల ఇంధనం వృథా కావడమే కాక, వాసన లేని విషవాయువైన కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. ఉక్కు కర్మాగారాలలో దీనికోసం ప్రత్యేక పరికరాలు చేతబట్టుకొని తిరుగుతారు. వంటింట్లో మనకున్న పరికరం తెరిచిన కిటికీ ఒక్కటే. వంట సాగుతున్నంత సేపూ గాలి ఆడేటట్లు చూసుకోవాలి.

మంట పాడవడానికి సాధారణ కారణం బర్నరు రంధ్రాలు పూడుకుపోవడం. పాలు, గంజి, పప్పు పొంగి ఆ రంధ్రాలలో ఎండిపోతాయి. వారానికి ఒకసారి, పొయ్యి పూర్తిగా చల్లారిన తరువాత, రెగ్యులేటరు మూసి, బర్నర్లను తీసి సబ్బు కలిపిన వేడినీళ్ళలో నానబెట్టాలి. పాత పళ్ళ బ్రష్షుతో రుద్ది, పూడిన రంధ్రాలను సన్నని సూదితో శుభ్రం చేయాలి. ఇత్తడి బర్నర్లకు చింతపండు పులుసు మన అమ్మమ్మల నాటి మందు, ఈనాటికీ అది పనిచేస్తుంది. కడిగిన బర్నర్లను పూర్తిగా ఆరబెట్టి, వాటి స్థానాలలో సరిగా కూర్చున్నాయో లేదో చూసి మరీ వెలిగించాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. బర్నరు క్రింద గ్యాసు చిమ్మే సన్నని ఇత్తడి జెట్టు ఉంటుంది. దానిని సూదితో పొడవరాదు. ఆ రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా గ్యాసు ఎక్కువగా వచ్చి మంట చెడుతుంది. జెట్టుకు సంబంధించిన పనిని, బిగుసుకుపోయిన నాబులను, వదులైన నాబులను అనుభవజ్ఞుడైన మెకానిక్‌కే అప్పగించాలి. నాబు గట్టిపడిందని పట్టకారుతో తిప్పడం వల్ల లోపలి కవాటం అరిగి, కట్టినా గ్యాసు కారుతూనే ఉంటుంది.

కొత్త పొయ్యి కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. ముద్రను తప్పక చూడాలి. గ్యాసు పొయ్యిలకు వర్తించే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 4246. ఇది కనీసం 68 శాతం ఉష్ణ సామర్థ్యాన్ని కోరుతుంది. ముద్ర లేని పొయ్యి కొన్ననాడు చవకగా అనిపించినా, ప్రతి సిలిండరులోనూ ఆ తేడాను మన చేత కట్టిస్తుంది.

భద్రతకు పనికివచ్చే అలవాట్లే పొదుపుకూ పనికివస్తాయి. కూరగాయలు తరిగి, పప్పు, బియ్యం నానబెట్టి, అన్నీ సిద్ధమైన తరువాతనే పొయ్యి వెలిగించాలి. గిన్నెకు మూత పెట్టాలి. ఒకసారి ఉడుకు పట్టాక మంట తగ్గించాలి. గిన్నె అడుగును దాటి పక్కలకు ఎగసే మంట వంటకు పనికిరాదు, బట్టలకు మాత్రం ప్రమాదం.

గ్యాసు వాసన వస్తే

ఈ ఒక్క భాగాన్ని కత్తిరించి వంటింటి తలుపు వెనుక అంటించుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాను.

1. లైటు, ఫ్యాను, ఎగ్జాస్టు ఫ్యాను, మిక్సీ ఏ స్విచ్చునూ వేయరాదు. వేసి ఉన్నదానిని ఆర్పరాదు కూడా. రవ్వ రెండు సందర్భాలలోనూ పుడుతుంది.
2. దీపం, అగరువత్తి, దోమల చుట్ట వంటివి వెలుగుతుంటే ఆర్పాలి.
3. పొయ్యి నాబులు, రెగ్యులేటరు కట్టివేయాలి.
4. తలుపులు, కిటికీలు అన్నీ తెరవాలి. గ్యాసు నేలమీద ఉంటుంది కనుక కిటికీలతో పాటు తలుపులు తెరవడం ముఖ్యం.
5. ఇంట్లోని వారందరినీ బయటకు పంపాలి. కాలింగ్ బెల్ మ్రోగించరాదు. లోపల టెలిఫోను, సెల్‌ఫోను వాడరాదు.
6. మూతి వద్దనే గ్యాసు చిమ్ముతూ, రెగ్యులేటరు మూసినా ఆగకపోతే, రెగ్యులేటరు తీసి రక్షక మూత బిగించాలి. చేయగలిగితే సిలిండరును నిలువుగానే ఆరుబయటకు చేర్చాలి.
7. బయటకు వచ్చిన తరువాత 1906 నంబరుకు ఫోను చేయాలి. వంటగ్యాసు లీకుల కోసం 2016 నుండి దేశమంతటా రేయింబవళ్ళు పనిచేస్తున్న అత్యవసర నంబరు ఇది.

మంట అంటుకుని అదుపు తప్పితే వస్తువుల కోసం లోపలికి వెళ్ళరాదు. అందరూ బయటకు వచ్చి అగ్నిమాపక దళానికి 101 నంబరుకు ఫోను చేయాలి. బట్టలు అంటుకున్నవారు పరుగెత్తకూడదు, గాలికి మంట పెరుగుతుంది. నేలమీద పడుకొని దొర్లాలి. పక్కవారు మందపాటి దుప్పటి కప్పి మంటను ఆర్పాలి.

కాలిన చోట వెంటనే మామూలు చల్లని నీటిధారను ఇరవై నిమిషాల పాటు పోనివ్వాలి. మంచుగడ్డ పెట్టరాదు. టూత్‌పేస్టు, సిరా, నెయ్యి, పసుపు వంటివి పూయరాదు. చర్మానికి అంటుకున్న బట్టను పీకరాదు. శుభ్రమైన పలుచని గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

పైపు గ్యాసు వచ్చిన ఇళ్ళలో

కొన్ని నగరాలలో ఇప్పుడు వంటింటికి పైపుల ద్వారా సహజవాయువు వస్తున్నది. ఇది ప్రధానంగా మీథేన్. గాలికన్నా తేలికైనది కనుక పైకప్పు వైపు చేరుతుంది. పై భాగాన గాలి పోయే మార్గం మూసివేయరాదన్నది ఇక్కడ ముఖ్య నియమం. సిలిండరు గ్యాసుకు తయారైన పొయ్యిని పైపు గ్యాసుకు ఉన్నదున్నట్లుగా కలపరాదు. జెట్లు మార్పించుకోవాలి. కనెక్షన్ ఇచ్చిన రోజుననే ఇంట్లోని వాల్వు ఎక్కడున్నదో, దానిని ఎటు తిప్పితే మూతపడుతుందో అందరూ చూసి ఉంచుకోవాలి. మిగిలిన జాగ్రత్తలు రెండింటికీ ఒకటే.

ఇంటిల్లిపాదికీ తెలియాలి

1965లో కలకత్తాలో ఇండేన్ తొలి కనెక్షన్ ఇచ్చిన నాటికి గ్యాసు పొయ్యి పట్టణాలలో కొద్దిమందికి మాత్రమే అందిన సౌకర్యం. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన దీపం పథకం, 2016లో దేశవ్యాప్తంగా ప్రారంభమైన ఉజ్జ్వల పథకం దానిని పల్లెల్లోని పేద ఇళ్ళకు చేర్చాయి. కట్టెపొయ్యి పొగలో కళ్ళు మండించుకున్న తరానికి ఇది ఎంతో ఊరట. అయితే వస్తువు చేరినంత త్వరగా దానిని గురించిన తెలివిడి చేరదు. మన ఇళ్ళకు ఊరినుండి వచ్చే అమ్మ, అత్తగారు, ఇంటిపనికి వచ్చే ఆవిడ, సెలవుల్లో వచ్చే మేనల్లుడు, వీరిలో ఎవరైనా ఒక పూట ఆ పొయ్యి ముందు ఒంటరిగా నిలబడవచ్చు.

అందుచేత వంటింటి భద్రతను గృహిణి ఒక్కరి బాధ్యతగా వదిలివేయరాదు. పొయ్యి వెలిగించే వయసు రాని పిల్లలకు కూడా రెగ్యులేటరు ఎక్కడున్నదో, వాసన వస్తే ఏమి చేయరాదో నేర్పవచ్చు.

ఆ సంఘటన తరువాత మా ఇంట్లో ఒక చిన్న పట్టిక వెలసింది. కర్మాగారంలోని తనిఖీ పట్టిక నమూనాలోనే నేను గీశాను. ప్రతి నెలా మొదటి ఆదివారం గొట్టం చూడడం, సబ్బు నురుగు పరీక్ష, బర్నర్ల శుభ్రత, గొట్టం మార్చవలసిన తేదీ, ఇవే అందులోని అంశాలు. ఒక నెల నేను, ఒక నెల నా భార్య, ఒక నెల పిల్లలు సంతకం చేస్తాం. రాత్రిపూట చివరగా పడుకునేవారు రెగ్యులేటరు మూసి, "కట్టేశాను" అని పైకి చెప్పాలి. మొదట్లో పిల్లలు నవ్వారు. ఇప్పుడు నేను చెప్పడం మరిచిపోతే మా చిన్నమ్మాయి మంచం మీదనుండే, "నాన్నా, పర్మిట్ క్లోజ్ చేశావా?" అని అడుగుతుంది.

ఈ సంచికను ప్రక్కన పెట్టేముందు పాఠకులకు ఒక మనవి. లేచి వంటింట్లోకి వెళ్ళి, మీ గొట్టం మీద అచ్చయిన సంవత్సరం ఒకసారి చదవండి. ఐదేళ్ళు దాటి ఉంటే రేపటికి వాయిదా వేయకండి. రచ్చ గెలవడం మనకు వచ్చు. ఇంట గెలవడం అక్కడినుండి మొదలవుతుంది.